దీపాల వేళ

ట్రాన్సిస్టరు అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే మా పుట్టింటి వంటింటి గూట్లో, తోలు తొడుగు వేసుకుని కూర్చున్న చిన్న రేడియో గుర్తొస్తుంది. మా నాన్నగారు దాన్ని ట్రాన్సిస్టరు అనేవారే తప్ప రేడియో అని ఏనాడూ అనలేదు. రేడియో అంటే బల్ల మీద పెట్టెలా వుండాలట. ఇది చంకలో పట్టేది కాబట్టి ట్రాన్సిస్టరు. అందులో వార్తలు వచ్చేవి, పాటలు వచ్చేవి, నాటకాలు వచ్చేవి. బాటరీలు నీరసిస్తే ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళం.

అందుకే మా చెల్లెలి కూతురు, హైదరాబాదులో పిహెచ్.డి. చేస్తున్న పిల్ల, "నేను ట్రాన్సిస్టర్ల మీద పరిశోధన చేస్తున్నాను పెద్దమ్మా" అన్నప్పుడు, "అవి ఇంకా దొరుకుతున్నాయా?" అని అడిగేశాను. అది పడీ పడీ నవ్వింది.

"నీ ట్రాన్సిస్టరు వినిపించేది. నాది చూసేది" అంది.

చూసే ట్రాన్సిస్టరు! అప్పటికి నేనూ నవ్వేసి ఊరుకొన్నాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పాలంటే మా గేటు దీపం సంగతీ, మా అత్తగారి కళ్ళ సంగతీ చెప్పాలి. రెండోది చెప్పడానికి సిగ్గుగానే వుంది. అయినా చెబుతాను. మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ వుండవచ్చు కదా!

మాది దేవరకొండ. సాయంత్రం ఖిల్లా గోడల మీద ఎండ ఎర్రబడి, మేకలు మందగా ఇంటిదారి పట్టే వేళకు మా అత్తగారు అరుగు మీద కూర్చుని లోపలికి కేకేసేవారు. "పొద్దు గూకింది బిడ్డా, దీపం పెట్టు." నేనీ ఇంటికి కోడలినై వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆ కేక వినని సాయంత్రం నాకు గుర్తులేదు. ఒంట్లో బాగుండకపోయినా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆ కేక మాత్రం ఠంచనుగా వచ్చేది. "నాకు మాత్రం కళ్ళు లేవా, పొద్దుగూకిన సంగతి తెలీదా" అని మనసులో విసుక్కుంటూనే తులసికోట దగ్గర ప్రమిద వెలిగించేదాన్ని.

రెండేళ్ళ క్రితం మావారు కోఠీకి వెళ్ళినప్పుడు ఒక బల్బు కొనుక్కొచ్చారు. దానికి స్విచ్చితో పని లేదు. చీకటి పడగానే అదే వెలుగుతుంది, తెల్లారగానే అదే ఆరిపోతుంది. గేటు మీద బిగించిన మొదటి రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ కుర్చీలు వేసుకుని, పెళ్ళికూతురి కోసం ఎదురుచూసినట్టు చూశాం. టక్కున వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. మా అత్తగారు మాత్రం "ఇగ నాతో పనేమున్నది" అన్నారు. హాస్యానికన్నారనుకొన్నాను.

ఆ తర్వాత ఆవిడ కేక తగ్గింది. మెల్లగా ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగానే అనిపించింది.

పోయిన ఏడు ఆషాఢంలో ఒకనాడు నేను బజారు నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది. వీధంతా కరెంటు లేదు. గేటు దీపం వెలగలేదు. ఇంట్లో ఎవరూ లేరేమోననుకొని తాళంచెవి కోసం సంచిలో వెతుకుతున్నాను. అరుగు మీద గలగలమని చేట చప్పుడైంది. సెల్‌ఫోన్ లైటు వేసి చూద్దును గదా, ఆ కటిక చీకట్లో మా అత్తగారు చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతున్నారు.

"ఇదేందత్తమ్మా, చీకట్ల గూసున్నరు? మోంబత్తి ముట్టించుకోలేదా?" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. తల నా గొంతు వైపు తిరిగింది, లైటు వైపు కాదు.

"పొద్దు గూకిందా బిడ్డా?" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. ఆవిడ పూలు గుచ్చడం మానేసి ఎన్నాళ్ళయింది? వచ్చినవాళ్ళు నోరు విప్పేదాకా పలకరించడం లేదు కదా! గోడ పట్టుకుని నడుస్తుంటే మోకాళ్ళ నొప్పులనుకొన్నాను. ఇక బియ్యంలో రాళ్ళు! నాలుగు నెలలుగా మా పొలం బియ్యంలో రాళ్ళు వస్తూనే వున్నాయి. మావారు పంటి కింద రాయి పడ్డప్పుడల్లా నా మొహం చూసేవారు. నేను మళ్ళీ ఏరుకోవాల్సి వచ్చేది. "పని చేసినట్టు పేరు, చాకిరీ నాకు" అని మా చెల్లెలికి ఫోనులో చెప్పుకొని వాపోయిన రోజులు కూడా వున్నాయి.

చూశారా, నేను అన్నీ చూశాను. ఒక్కటీ గమనించలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నారు. అదైతే ఆపరేషనుతో పోతుంది. కానీ ఎడమ కంట్లో నీటికాసుల జబ్బు కూడా వుందట. అది నొప్పి పెట్టదు, ఎర్రబడదు, చూపును పక్కల నుంచి చప్పుడు లేకుండా తినేస్తుంది. తిన్న చూపు తిరిగి రాదు. "ముందుగా తెచ్చివుంటే ఇంత పోకుండా ఆపేవాళ్ళం" అన్నాడు డాక్టరు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. 2018లో ప్రభుత్వం వారి కంటివెలుగు శిబిరంలో ఆవిడకు కళ్ళద్దాలిచ్చారు. 2023లో రెండో విడత శిబిరం వచ్చినప్పుడు "నాకేమైంది, మంచిగనే కనబడుతున్నది" అని ఆవిడ రానన్నారు. మేమూ, పోనీలే, ఎండలో క్యూలో నిలబడే బాధ తప్పిందనుకొన్నాం.

కుడి కన్ను వచ్చింది. ఎడమ కన్ను రాలేదు.

అప్పటి నుంచీ నన్నొక ప్రశ్న పీడిస్తోంది. తెలియక జరిగినదాన్ని తప్పు అనవచ్చునా? నేను అబద్ధమాడలేదు, అన్నం పెట్టకుండా మాడ్చలేదు, మందులు దాచలేదు. "నీకు తెలియదు కదా, నువ్వేం చేస్తావు" అని అందరూ ఓదార్చారు. కానీ తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు కదా! గేటు మీది పదిరూపాయల గాజుముక్క చీకటి పడిందని కనిపెట్టింది. అదే ఇంట్లో, అదే చీకటి ఒక మనిషి కళ్ళలో పడుతుంటే నేను కనిపెట్టలేకపోయాను.

దసరా సెలవులకు మా చెల్లెలి కూతురు వచ్చింది. బతుకమ్మకు తంగేడు పూలు కట్టలు కడుతూ, "నీ చూసే ట్రాన్సిస్టరు ఎట్లా చూస్తుందో చెప్పవే" అన్నాను. దానికి ఉత్సాహం వచ్చేసింది.

"డిండి చెరువు తూము చూశావు కదా పెద్దమ్మా? షట్టరు ఎత్తేవాడు కొంచెం చెయ్యి తిప్పుతాడు. అటు కాలవ నిండా నీళ్ళు పోతాయి. ట్రాన్సిస్టరు కూడా అంతే. చిన్న కదలికతో పెద్ద ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. నా దాంట్లో ఆ షట్టరు మీద వెలుతురు కూడా చెయ్యి వేస్తుంది. చిటికెడు వెలుతురు పడితే గుప్పెడు కరెంటు పారుతుంది."

అలాంటిదాన్ని మొదట చేసింది అమెరికాలో బెల్ ప్రయోగశాలలో జాన్ షైవ్ అనే ఆయనట, 1948లో. మా పిల్ల వాడే పదార్థం మాత్రం కొత్తది, పేరు పెరోవ్‌స్కైట్. ఆ పేరు 1839 నాటిది. రష్యాలోని ఉరల్ పర్వతాల్లో దొరికిన ఒక ఖనిజానికి గుస్తావ్ రోజ్ అనే శాస్త్రజ్ఞుడు లెవ్ పెరోవ్‌స్కీ అనే ఆయన పేరు పెట్టాడు. "ఆ రాయి వేరు, ఇది వేరు. అమరిక ఒకటే" అంది. నాకు వెంటనే అర్థమైంది. ముగ్గు ఒకటే, పిండి వేరన్న మాట! చుక్కలూ గీతలూ అవే; కానీ ఇక్కడ సీసమూ అయొడినూ కలిసి పంజరంలా అల్లుకుంటే, ఆ పంజరాల నడుమ కార్బను, నైట్రోజను, హైడ్రోజనుల చిన్న అణువు ఒకటి కూర్చుంటుంది. లోహమూ, సేంద్రియమూ కలిసి కాపురం చేస్తాయి కాబట్టి దాన్ని హైబ్రిడ్ అంటారట.

ఈ పదార్థంతో 2009లో జపానులో మియసాకా గారూ ఆయన శిష్యులూ ఎండ నుంచి కరెంటు తీశారు. అప్పుడు పడ్డ ఎండలో నూటికి 3.8 వంతులే కరెంటయింది. ఇప్పుడది 25 దాటిపోయింది. హైదరాబాదులోనే తార్నాకలో ఐ.ఐ.సి.టి. వంటి చోట్ల దీని మీద పని జరుగుతోంది. సిలికాన్ కరగాలంటే 1414 డిగ్రీల మంట కావాలి. దీన్ని ద్రావణంగా కలిపి, గిర్రున తిరిగే గాజుపలక మీద చుక్క వేస్తే పల్చగా పరుచుకుంటుంది. ఆ పైన సుమారు 100 డిగ్రీల వేడి చాలు. "దోసె అన్న మాట" అన్నాను. "దోసే" అంది. "కానీ తడి తగిలితే పాడైపోతుంది, అలుగుతుంది, సుకుమారి."

"మరి మంచి కన్ను ఏదో ఎట్లా తెలుస్తుందే? ఎక్కువ కరెంటు వచ్చేదేనా?" అని అడిగాను.

అప్పుడది చెప్పిన మాట నేను మరిచిపోలేను. "అదొక్కటే కాదు పెద్దమ్మా. వెలుతురు ఏమీ పడకపోయినా దాంట్లో కొంచెం కరెంటు పారుతూనే వుంటుంది. దాన్ని చీకటి కరెంటు అంటాం. అది ఎక్కువైతే సన్నటి వెలుతురు వచ్చినా ఆ గోలలో కలిసిపోతుంది, తెలీదు. వెలుతురుకు ఎంత గట్టిగా పలికిందన్నదే కాదు, చీకట్లో ఎంత నిశ్శబ్దంగా వుందన్నది కూడా చూడాలి."

తంగేడు కట్ట నా చేతిలో అలాగే వుండిపోయింది.

పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. ఈ పదార్థంతో పెద్ద తంటా ఏమిటంటే, దాని లోపలి అయాన్లు కుదురుగా వుండవట. మెల్లగా జరుగుతూ వుంటాయి. అందువల్ల వెలుతురు తీసేసినా కొన్నిసార్లు కరెంటు వెంటనే దిగదు. ఇందాకటి సంగతిని పట్టుకుని వేళ్ళాడుతుంది. ఇప్పుడు ఎదురుగా వున్నదానికి కాక, ఎప్పుడో జరిగినదానికి జవాబు చెబుతూ వుంటుంది.

అమ్మా, ఇంతకంటే తేటగా నన్ను నాకు ఎవరూ చూపించలేదు. ఏ పనీ లేని వేళ కూడా నా లోపల ఒక సణుగుడు పారుతూనే వుంటుంది. నేనే చెయ్యాలి, నాకే చాకిరీ, నన్నెవరడుగుతారు. అది నా చీకటి కరెంటు. ఆ గోలలో ముసలావిడ చేటలోంచి వచ్చిన రాయి, "నాకు కనబడటం లేదు" అనే కబురుగా వినిపించలేదు. నా మీద పెట్టిన ఇంకో పనిగానే వినిపించింది. పైగా పెళ్ళయిన కొత్తలో పప్పులో ఉప్పెక్కువైందని పదిమందిలో ఆవిడ అన్న మాట ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పట్టుకుని వేళ్ళాడుతున్నాను. ఎదురుగా వున్నది ఎనభైనాలుగేళ్ళ మసక కళ్ళ మనిషి. నేను జవాబు చెబుతున్నది ఎన్నడో గొంతు పెద్దది చేసిన అత్తగారికి.

మీలో కొందరికి ఇక్కడ కోపం రావచ్చు. నాకూ వచ్చింది. ఇంట్లో గమనించే డ్యూటీ అంతా ఆడదానిదేనా? ఆ రాళ్ళ అన్నం తిన్నవారిలో ఆవిడ కన్నకొడుకు లేడా? రాయి తగిలినప్పుడు నా మొహం చూసిన మనిషి ఒక్కసారి అమ్మ మొహం చూసివుంటే? ఈ వాదనలో న్యాయం వుంది. నేను దాన్ని వదులుకోను. మావారికి ఆ మాట చెప్పాను కూడా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అయితే, తప్పు ఇద్దరిదీ అయినంత మాత్రాన చెరి సగమైపోదు. ఎవరి వంతు వారికి పూర్తిగానే మిగులుతుంది.

ఆపరేషను అయిన రాత్రి ఆవిడ పక్కన కూర్చుని అడిగాను. "ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

ఆవిడ కంటికి కట్టు వుంది. చెయ్యి చాపి నా మోచెయ్యి తడుముకుని పట్టుకొన్నారు. "నీకు ఊపిరాడని పనాయె బిడ్డా. దినాం నీ నడుస్తున్న చప్పుడు ఇంటనే వుంటి. ఇంకో పని ఎందుకని చెప్పలె. చెయ్యని పని పెరిగె, నీకు చేతనైనంత ఏరిపెడ్దమనుకొంటి" అన్నారు.

చూపున్న నేను ఆవిడను గమనించలేదు. చూపు లేని ఆవిడ నన్ను గమనించారు. నా అడుగుల చప్పుడును బట్టి నా అలసటను కొలిచారు. ఆ చీకట్లో చేట పట్టింది నా పని తగ్గించడానికి. నేను దాన్నే పని పెంచడమని లెక్కగట్టాను.

అందువల్ల నాకు తోచిందేమిటంటే, గమనించకపోవడం తప్పే. దొంగతనం వంటి తప్పు కాదు. దీపం పెట్టకపోవడం వంటి తప్పు. ఎవరికీ శిక్ష పడదు, కానీ ఇల్లు చీకటవుతుంది. అన్నీ గమనించడం మనిషికి సాధ్యమా అంటే కాదు. కనీసం మన గోల తగ్గించుకోవడం మన చేతిలో వుంది కదా, అంతవరకూ బాధ్యత మనదే.

కనబడనిదాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మా నల్లగొండ జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బావి నీళ్ళు అద్దంలా వుండేవి. అందులో ఫ్లోరైడు కంటికి కనబడదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు మా వూళ్ళలో ఎవరికి తెలుసు? ముందు పళ్ళు పచ్చబడ్డాయి, ఆ పైన ఎముకలు వంగాయి. మర్రిగూడ వైపు నడివయసుకే నడుము వంగినవారిని చిన్నప్పటి నుంచీ చూస్తూనే పెరిగాం. "వాళ్ళ రాత" అనుకొని ఊరుకొన్నవాళ్ళమూ మనమే.

అందుకే మా పిల్లను ఇంకొకటి అడిగాను. "నీ ముగ్గుపిండిలో సీసం వుందన్నావు. అది విషం కదే?"

అది తల దించుకోలేదు, దాటెయ్యలేదు. వుందంది. 1904లో జగదీశ్ చంద్ర బోసు గారు అమెరికాలో పేటెంటు పొందిన కృత్రిమ కన్ను లాంటి పరికరంలోనూ గలీనా అనే సీసపు రాయే వుందట. ఆ గలీనానే నూరి సుర్మా పేరుతో కళ్ళకు పెట్టుకున్నవారు మన దేశంలో ఎందరో. ఒంట్లోకి సీసం ఇంత చేరితే ఫరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసిపిల్లలకైతే మరీ ముప్పు. సీసానికి బదులు తగరం వాడి చూస్తున్నారు గానీ, అది గాలి తగిలితే ఇంకా తొందరగా చెడుతోందట. "చేతులకు తొడుగులు వేసుకుంటాం, మిగిలిన చెత్త విడిగా దాచి అప్పగిస్తాం. రేపు వేలకు వేలు తయారై, పగిలి ఎవరి చెత్తకుప్పలో పడతాయన్నది కూడా మేమే ఆలోచించాలి పెద్దమ్మా. కన్ను తయారుచేసేవాళ్ళం కళ్ళు మూసుకుంటే ఎట్లా?" అంది. ఆ పిల్ల నాకంటే ముందే నేర్చుకుంది. సంతోషించాను.

గేటు దీపం ఇప్పటికీ వుంది. దాని మీద నాకేం కోపం లేదు. దాని పని అది చక్కగా చేస్తోంది. మొన్న శ్రావణంలో కమ్ముకొచ్చిన మబ్బులకు మధ్యాహ్నం మూడింటికే వెలిగింది. మా అత్తగారు అరుగు మీద నుంచి కుడి కంటితో దాన్ని ఎగాదిగా చూసి, "దీనికి మబ్బుకూ మాపుకూ తేడా తెల్వదు" అని బోసినోటితో నవ్వారు.

ఇప్పుడు బియ్యం మావారు ఏరుతున్నారు, తల్లి పక్కన కూర్చుని. ఒకటీ అరా రాళ్ళు వదిలేస్తారు. నేనేమీ అనడం లేదు. సాయంత్రం అవుతుంటే ఆవిడకూ, ఆ దీపానికీ పందెం. ఖిల్లా మీది ఎండ ఎర్రబడటం ఆలస్యం, బల్బు వెలిగేలోపే కేకేస్తారు. "పొద్దు గూకింది బిడ్డా, దీపం పెట్టు."

ఒక్కొక్క రోజు ఆవిడే గెలుస్తారు. పొయ్యి మీద పాలున్నాసరే, స్టవ్ తగ్గించి వెళ్ళి ప్రమిద వెలిగిస్తాను. వస్తూ వస్తూ ఆవిడ మొహంలోకి ఒకసారి చూస్తాను.